నేను చదవని సగం

ఆగస్టు 4, సోమవారం

రేఖ నవల వచ్చేసింది. ప్రెస్సు నుంచి నేరుగా ఆఫీసుకే తెచ్చింది. క్యాంటీన్లో టీ కప్పులు పక్కకు జరిపి, బల్ల తుడిచి, అప్పుడు పెట్టింది నా ముందు. ‘అక్క వాకిలి’. లోపల ‘హరితకు, మొదటి కాపీ’ అని రాసి సంతకం చేసింది.

మా రచయితల సంఘంలో ఇద్దరం కలిసే చేరాం. మదీనాగూడలో బట్టల షాపు పైన హాలు, నెలకొక ఆదివారం మీటింగు. నేను కార్యదర్శినయ్యాను. ఎవరి పుస్తకం వచ్చింది, ఎవరికి సన్మానం జరిగింది, అన్నీ పోగేసి నెలనెలా ‘సంఘం విశేషాలు’ రాసి అందరికీ పంపుతున్నాను. రేఖ వెనక వరసలో కూర్చుని నవల రాసుకుంది. ఇద్దరిలో రచయిత ఎవరో ఈ రోజు తేలిపోయింది. అసూయతో రాయడం లేదు ఈ మాట.

పదిహేడున ఆవిష్కరణ. పుస్తక పరిచయం నేనే చెయ్యాలట.

"పెద్ద పెద్దోళ్ళు నాకు వద్దు. నువ్వు మాట్లాడు. పూర్తిగ చదివి మాట్లాడు. గంతే నేనడిగేది" అంది.

"నీ పుస్తకం నేను చదవకుండా ఉంటానా?" అన్నాను.

ఆగస్టు 7, గురువారం

అరవై పేజీలయ్యాయి. అక్కచెల్లెళ్ళిద్దరూ గుట్ట మీద సీతాఫలాలు తెంపుకొచ్చి, గడ్డిలో మాగేసి, పండిందో లేదో అని పూటకోసారి నొక్కి చూసే అధ్యాయం ఎంత బాగా రాసిందో. ఆ గుట్టను పగలగొట్టిన చోటే ఇప్పుడు మా ఆఫీసు ఉంది. ఆ సంగతి ఎక్కడా చెప్పదు. చదువుతుంటే తెలిసిపోతుంది.

ఇది రేఖ సొంత కథే. గోపన్‌పల్లిలో ఉండే వాళ్ళక్క సక్కుబాయితో తనకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో అక్క దగ్గరే ఉంది. రమ్మని అక్క ఫోన్ల మీద ఫోన్లు చేసింది. క్లయింట్లు వచ్చారని రేఖ ఆఫీసులోనే ఉండిపోయింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎప్పుడో మెట్రోలో వస్తూ మూసాపేటలో దిగేముందు ఇంతవరకు చెప్పి, దిగిపోయింది. నేనూ మళ్ళీ అడగలేదు.

మిగతాది రేపు చదవాలి. ఆఫీసులో ఇరవైన కొత్త వెర్షన్ రిలీజు. టెస్టింగ్ మొత్తం నా నెత్తిన పెట్టారు.

ఆగస్టు 12

చదవలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. ఈ రోజంతా రేఖ పుస్తకానికే అనుకున్నాను. పొద్దున్నుంచి కాల్స్. మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని అలాగే నిద్రపోయాను. లేచి చూస్తే సరిగ్గా సగంలో ఉన్నాను.

రేఖ మెసేజ్ పెట్టింది. "ఏడిదాక వచ్చినవ్?"

"అయిపోవచ్చింది" అని జవాబిచ్చాను. రేపటికల్లా అయిపోతుంది కాబట్టి అది అబద్ధమేమీ కాదు.

ఆగస్టు 16

శనివారం కూడా ఆఫీసే. తిరిగొస్తూ క్యాబ్‌లో చివరి పేజీ ఒక్కటి పైపైన చూశాను. ఆమె చెప్పులు బయట విడిచి వాకిట్లో నిలబడింది, ‘తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్యి’ అంది. బాగుంది ముగింపు. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. ఇన్నేళ్ళుగా కథలు చదువుతున్నాను కదా.

ఆగస్టు 17, ఆదివారం

సభ బాగా జరిగింది. హాలు నిండింది. మా అధ్యక్షులు మునిస్వామిగారు, చిత్తూరాయన, రిటైరైన తహసీల్దారు, మొదట మాట్లాడారు. "తెగిపోయిన అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకునే చక్కని కథ రాసింది మా రేఖమ్మ" అన్నారు. నేను అనుకున్నది అదే కాబట్టి నాకు ధైర్యం వచ్చింది.

సీతాఫలాల అధ్యాయంతో మొదలుపెట్టాను. కాగితం చూడకుండా మాట్లాడాను. రేఖ వేదిక మీద చివరి కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. ఆకుపచ్చ గద్వాల చీర. నేనొక్కొక్క వాక్యం చెబుతుంటే దాని పెదాలు కూడా కదులుతున్నాయి. ఆ ముఖం చూస్తుంటే నాకు ఇంకా ఇంకా చెప్పాలనిపించింది. అక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. సగం గురించి చెప్పి, మిగతా సగం మీరు చదువుకోండి అంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

ఆపలేదు. "అంత పంతం గల అక్క, చివరికి తనే చెల్లెలి ఇంటికి వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, తప్పు నాదే, నన్ను మాఫ్ చెయ్యి అని అడుగుతుంది చూడండి, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి ఏడ్చాను" అన్నాను. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

రేఖ నవ్వు అలాగే ఉంది. చూపు మాత్రం నా మీద నుంచి బల్ల మీది పుస్తకాల కట్ట మీదికి వెళ్ళింది. తర్వాత నా వైపు తిరగలేదు. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

స్పందన చెప్పమంటే లేచి, "అందరికి దండాలు. పుస్తకం చదువుండ్రి. పూర్తిగ చదువుండ్రి" అని కూర్చుంది. ఎంత వినయమో అనుకున్నారు అందరూ.

కిందికి దిగుతూ అడిగాను. "ఏమైంది, అట్లున్నావు?"

"ఏం లేదు. జర తల నొస్తుంది. మంచిగ మాట్లాడినవ్."

మంచిగా మాట్లాడానని తనే అంది. తలనొప్పి ఉండి ఉంటుంది. పొద్దున ఏమీ తినలేదు కూడా.

ఆగస్టు 18

‘విశేషాలు’ రాసి పంపించాను. రేఖ నవలకు ఈసారి పేజీ మొత్తం ఇచ్చాను. అక్క క్షమాపణ అడిగే ఘట్టం గురించి నేను మాట్లాడిన వీడియో ముక్క కూడా జతచేశాను. అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది. రేఖకు ఇంతకంటే ప్రచారం ఎవరు చేస్తారు?

ఆగస్టు 21

రేఖ టీకి రాలేదు. సెలవు పెట్టిందట. తలనొప్పి ఇంకా తగ్గినట్టు లేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఆఫీసు రిలీజు అయిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన యశ్వంత్ నిజాంపేట రోడ్డులో కారు సర్వీసింగుకి ఇచ్చి అక్కడే కూర్చున్నాడు. పుస్తకం తీసి, ఆగిన చోటు నుంచి ఆఖరుదాకా లేవకుండా చదివాను.

అక్క రాదు.

నవలలో అక్క ఎక్కడికీ రాదు. చెల్లెలే వెళుతుంది. అమ్మ పోయిన నెలకు, అక్క ఇంటి గేటు ముందు చెప్పులు విడిచి నిలబడుతుంది. లోపల రొట్టెలు కాలుతున్న వాసన వస్తుంటుంది. ‘అక్కా’ అని పిలుస్తుంది. ఎవరూ పలకరు. తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్యి, అని ఆ మూసిన గేటుతో చెప్పి, కాసేపు నిలబడి, వెళ్ళిపోతుంది. పుస్తకం అక్కడ అయిపోతుంది.

ఆ మాటలు రాయడానికి రేఖకు ఇన్నేళ్ళు పట్టింది. నేను వాటిని తీసి అక్క నోట్లో పెట్టాను. మైకులో.

ఆగస్టు 25

ఆలోచిస్తే, ఆ హాల్లో పుస్తకం చదివినవాళ్ళు ఎవరున్నారు? అప్పుడే కదా కట్ట విప్పింది. ఎవరికీ తెలియదు. రేఖకు తప్ప.

మునిస్వామిగారికి ఫోన్ చేశాను. "మీరు చదివే చెప్పినారా సార్, అక్కచెల్లెళ్ళు కలుసుకుంటారని?"

"ముందుమాట చూసినానమ్మా. అక్కతో మళ్ళీ కలవాలని రాసినట్టు ఉండె. కలిసే ఉంటారులే అనుకున్నా." మళ్ళీ ఆయనే, "నువ్వు అంత వివరంగా చెప్తా ఉంటే, అబ్బా నేను కరెక్టుగానే చెప్పినా అనుకున్నా" అన్నారు.

ఆయన నన్ను నమ్మారు. నేను ఆయన్ని నమ్మాను.

ఆగస్టు 28, గురువారం

రేఖ ఈ రోజు వచ్చింది. క్యాంటీన్లో మూలనున్న బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"నేను చదవలేదు రేఖా. సగమే చదివినా."

"ఎరుకే. నువ్వు చెప్తుంటెనే ఎరుకైంది."

"అప్పుడే చెప్పుంటే సరిపోయేది కదా. ఏంటికి ఊరుకున్నావు?"

తల ఎత్తి చూసింది. "ఏమని చెప్పాలె? నా దోస్తు అబద్ధమాడుతున్నదని మైకుల చెప్పాల్నా?"

తప్పు చేసి, సంజాయిషీ కూడా నేనే అడిగినట్టయింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. సక్కుబాయి ఫోన్ చేసిందట. ఇన్నేళ్ళలో మొదటిసారి. స్క్రీన్ మీద అక్క పేరు రెండుసార్లు చదువుకుని ఎత్తిందట రేఖ. పుస్తకం సంగతి తెలిసి ప్రేమగా చేసిందనుకుంది. సక్కుబాయి కోడలు ఏదో గ్రూపులో నా వీడియో చూసి అత్తకు చూపించింది.

"ఏమన్నది?"

"నేనెప్పుడొచ్చిన్నే నీ ఇంటికి, నీ ముంగట ఎప్పుడు నిలబడ్డ? అమ్మను ఎత్తి దించి చాకిరి చేసింది నేను. మాఫీ అడిగింది కూడ నేనేనా? పది మందిల నన్ను అడుక్కునేదాన్ని చేసినవ్, అన్నది. పెట్టేసింది. మళ్ళ చేస్తె ఎత్తుతలేదు."

"నేను మాట్లాడతాను మీ అక్కతో."

"వద్దు. నువ్వు ఇగ మాట్లాడకు హరితా. చాలు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు 30

వీడియో తీసేయించాను. ‘విశేషాలు’లో సవరణ వేస్తానంటే మునిస్వామిగారు ఒప్పుకోలేదు. "మనం చదవకుండా మాట్లాడినామని మనమే అచ్చేసుకుంటామా? సంఘం పరువు ఏమైతుందమ్మా? నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

అయినా వేశాను. రెండు వాక్యాలు. పుస్తక పరిచయంలో ముగింపును తప్పుగా చెప్పడం జరిగింది, చింతిస్తున్నాము, అని.

ఇప్పుడు చూసుకుంటే, ‘చెప్పడం జరిగింది’ అని రాశాను. ఎవరు చెప్పారో రాయలేదు.

సెప్టెంబరు 3

రేఖకు పెద్ద మెసేజ్ పెట్టాను. చదివింది. జవాబు లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

గోపన్‌పల్లి వెళ్ళాను. రేఖ వద్దన్నా వెళ్ళాను. నా తప్పు నేనే దిద్దాలని అనుకున్నాను.

పాత ఊరు ఇంకా మిగిలే ఉంది, టవర్ల మధ్య. కిరాణా షాపులో అడిగితే చూపించారు. కింద సక్కుబాయి వాళ్ళుంటారు, పైన మూడంతస్తులు ఐటీ పిల్లలకు కిరాయికిచ్చారు. ఆమె వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రేఖ కంటే పొడుగు. అదే నుదురు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఫోన్ల వీడియోల మాట్లాడింది నువ్వే గదా. ఇగ ఏం మిగిలిందని వచ్చినవ్?"

"అక్కా, నేను ఆ రోజు చెప్పింది అబద్ధం. పుస్తకంలో అట్ల లేదు. నేను పూర్తిగా చదవకుండానే మాట్లాడినా. రేఖ తప్పేమీ లేదు."

చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి ఆగింది. "చదవకుంట గంతసేపు ఎట్ల మాట్లాడినవ్?"

తల దించుకున్నాను.

"ఏడ్సిన అన్నవు గద?"

"ఏడవలేదు. అదీ అబద్ధమే."

ఆమె కాలితో ముక్కాలిపీట ఇటు నెట్టింది. కూర్చున్నాను.

"మరి ఏమున్నది పుస్తకంల?"

చెప్పబోయి ఆగాను. నా మాటలతో చెప్పడానికి భయమేసింది. సంచిలోంచి పుస్తకం తీసి, చివరి అధ్యాయం మొదటి నుంచి చదివాను. పైఅంతస్తులో ఎవరో పాటలు పెట్టుకున్నారు. ఆమె అటు తిరిగి కాయలు ఒలుస్తూనే ఉంది. చెల్లెలు చెప్పులు విడిచే చోటికి వచ్చేసరికి ఒలవడం ఆపింది. రొట్టెల వాసన దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు నాది, అనేది నేను చదవలేకపోయాను. మళ్ళీ మొదలుపెట్టి చదివాను.

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"గేటుకు తాళం లేకుండె ఆ రోజు" అంది సక్కుబాయి. "నేను పొయ్యి కాడనే ఉన్న. అది పిలిచింది ఇన్న. మూడుసార్లు పిలిచింది. రొట్టె మాడిపోయింది గానీ లేవలే. జరసేపు ఆగి పోదామనుకున్న. పోయేసరికి తొవ్వల ఎవరు లేరు."

కళ్ళు తుడుచుకుని, చేట పక్కన పెట్టింది. "పుస్తకం ఈడ పెట్టి పో."

‘హరితకు, మొదటి కాపీ’ అని రాసి ఉన్న పుస్తకం అది. ఇచ్చేశాను. తిరిగొస్తుంటే మనసు తేలికైంది. ఒక మంచి పని చేశాననిపించింది.

సెప్టెంబరు 10, బుధవారం

లిఫ్టు దగ్గర రేఖ ఆగి ఉంది. నా కోసమే ఆగినట్టుంది.

"అక్క కాడికి పోయినవంట."

"పోయినా."

"అక్క ఫోన్ చేసింది. ఆదివారం రమ్మన్నది." కళ్ళ కింద వాచి ఉంది, కానీ ముఖంలో ఏదో వెలుగు. నేను నవ్వబోయాను. రేఖ నవ్వలేదు.

"ఆఖరి అధ్యాయం చదివి వినిపించినవంట."

"అవును. అందుకే కదా మీ అక్క..."

"అది నేను వినిపిద్దామనుకున్న హరితా." గొంతు తగ్గించింది. "అక్కకు చదువు రాదు. పక్కకు కూసోని నా నోటితోని చదవాలని రాసిన. మొకం మీద చెప్పలేని మాట కాయితం చూసుకుంట చెప్పొచ్చని. పుస్తకం వేసింది గందుకే. గది కూడ నువ్వే చేసినవ్."

"నాకు తెలీదు రేఖా. నువ్వు చెప్పలేదు."

"ముందుమాటల రాసిన. ఆఖరి లైను."

లిఫ్టు వచ్చింది. వెళ్ళిపోయింది.

ముందుమాట నేను ఇంతవరకూ చదవలేదు. పుస్తకం కూడా ఇప్పుడు నా దగ్గర లేదు.

సెప్టెంబరు 11

సంఘం అల్మారాలోంచి ఒక కాపీ తెచ్చుకున్నాను. ఉంది. ఆఖరి లైను. ‘ఈ పుస్తకం చివరి పేజీలు మా అక్కకు నేనే చదివి వినిపించాలి, అప్పటిదాకా ఇది పూర్తికానట్టే.’

సెప్టెంబరు 15, సోమవారం

మునిస్వామిగారు ఫోన్ చేశారు. వచ్చే నెల ఎవరిదో కవితా సంపుటి ఆవిష్కరణ, పరిచయం నన్నే చెయ్యమన్నారు. "రేఖమ్మ పుస్తకానికి మాట్లాడినట్టు మాట్లాడమ్మా. జనం ఇంకా చెప్పుకుంటా ఉండారు." చెయ్యనన్నాను. కార్యదర్శి పని కూడా వేరే ఎవరికైనా అప్పగించమన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "చిన్న పొరపాటుకు ఇంతనా?" అన్నారు.

నిన్న రేఖ గోపన్‌పల్లి వెళ్ళింది. వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. వసారాలో అక్కచెల్లెళ్ళిద్దరూ. ఎవరూ నవ్వడం లేదు. సక్కుబాయి చెయ్యి రేఖ మోకాలి మీద ఉంది.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఈ వారమంతా నవల మళ్ళీ చదివాను, ముందుమాట నుంచి. ఈ రోజు రేఖ క్యాంటీన్లో ఒక్కతే కనిపిస్తే వెళ్ళి, కూర్చోనా అని అడిగాను. కూర్చో అంది.

"ఒక్క మాట చెప్పి పోతా" అన్నాను. "మీ అమ్మ ‘చిన్నది ఎక్కడికొచ్చిందే’ అని అడిగినప్పుడల్లా, అక్క ‘తొవ్వల ఉన్నదమ్మా, వస్తున్నది’ అంటుంది కదా. నువ్వు రావని తెలిసి కూడా ప్రతిసారీ అట్లే అంటుంది. నీ మీద అంత కోపం పెట్టుకుని, అమ్మ దగ్గర మాత్రం నిన్ను వెనకేసుకొచ్చింది. నువ్వు అక్కడ అక్కను ఒక్క మాట మెచ్చుకోలేదు. జావ తాగించి, మూతి తుడిచింది అని రాసి ఊరుకున్నావు. దాని తర్వాత గేటు దగ్గర నువ్వు నిలబడినప్పుడు, లోపలున్నామె ఎట్లాంటిదో నాకు తెలుసు. అందుకే ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇద్దరి మీదా జాలేసింది. రాయడంలో అంత కష్టమైన పని ఎట్ల చేసినావో నాకు తెలీదు."

రేఖ చెంచా కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"ఇంతవరకు ఎవరు చెప్పలే ఈ మాట నాకు" అంది. "అందరు నీ ప్రసంగం మంచిగున్నదనే చెప్పిండ్రు."

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది, నొప్పించకుండా, నెమ్మదిగా.

"గీ మాటలు నాకు ఆ రోజు కావాల్సుండె హరితా. అక్కడ కూసోని గిదే విందామనుకున్న."

ట్రే తీసుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగి, టీ చల్లారిపోతున్నది తాగు, అంది. తన టీమ్ వాళ్ళు కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు జరిగి చోటిచ్చారు.